అత్తమ్మ ఒక్కపొద్దు, నా ఎర్ర గచ్చు

ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే భయం లేదు, పరీక్షలంటే భయం లేదు, ఖిలా వరంగల్ రాళ్ల సందుల్లో తిరిగే పాములంటే కూడా పెద్దగా భయం లేదు. నేను భయపడిందల్లా ఒక స్నానాలగదికి. అదీ ఎవరిదో కాదు, నేనే గీసి, నేనే రాళ్లెంచి, రంగులెంచి, దగ్గరుండి కట్టించిన స్నానాలగదికి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో దాని తలుపు కనిపిస్తే చాలు, అరిచేతులు చెమట పట్టేవి. మనిషి తాను కట్టించినదాన్ని చూసి తానే జడుసుకోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా మీద సిరా ఆరకముందే సొంత మేనత్త ఇంట్లో వేలు పెట్టాలి. నేను పెట్టాను.

మా మేనత్త అంటే నాన్నకు అక్క. నేను అత్తమ్మా అని పిలుస్తాను. అమ్మ నా చిన్నతనంలోనే పోతే, నన్ను సంకనేసుకుని తన ఇంటికి తీసుకొచ్చి పెంచింది ఆమె. మట్టికోట లోపల, పెద్ద రాతి తోరణాలకు కాస్త దూరంలో ఉంటుంది ఆ ఇల్లు. ముందు సంవత్సరం వానాకాలంలో అత్తమ్మ పాత స్నానాలగదిలో నాచు మీద జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. "ఇప్పుడైతే చెయ్యి వోయింది, మల్లొకపారి పడితే నడుం వోతది, ఇగ మంచం దిగది" అని దవాఖానలో డాక్టర్ అన్నాడో లేదో తెలియదు గానీ, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ మామ మాత్రం డాక్టర్ అన్నట్టే చెప్పాడు. అన్నిసార్లు విన్నాక ఆ మాట నా గుండెలో మేకు దిగినట్టు దిగిపోయింది. అందుకే కొత్త స్నానాలగది కట్టాలన్నారు. "బయటోళ్లెందుకు? మనింట్ల ఇంజినీరు లేదా?" అంది అత్తమ్మ, నన్ను చూసి. (నేను ఇంజినీరును కాదని ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.)

ఇక నా బుర్ర ఊరుకుంటుందా? పొద్దున లేస్తే కళ్లముందు కోట గోడలు. వాటిలాగే గరుకుగా ఉండే నల్లరాతి టైల్స్ గోడల నిండా పెట్టించి, కింద ఎర్రటి గచ్చు వేయిస్తే, నలుపూ ఎరుపూ కలిసి మహారాణి స్నానం చేసే చోటులా ఉంటుందని కాగితం మీద రంగు పెన్సిళ్లతో గీసి చూపించాను. మామ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "మంచిగనే ఉన్నది బిడ్డా, జర జైలు లెక్క ఉన్నది గంతే" అన్నాడు. అత్తమ్మకు మాత్రం ఎరుపు అన్న మాట తెగ నచ్చింది. షాపువాళ్లు ఇచ్చిన రంగుల కార్డు తెచ్చి ముందు పెడితే పక్కకు నెట్టేసి, మామ ఎనుమాముల మార్కెట్టుకు తోలడానికి కట్టిపెట్టిన బస్తాలోంచి ఒక ఎండుమిరపకాయ లాగి నా చేతిలో పెట్టింది. "గీ రంగు గావాలె. మీ కార్డుల ఉన్నయన్ని ఎలిసిపోయిన రంగులే" అంది. డిప్లొమాలో మూడో పేపరు మొత్తం రంగుల గురించే చదివిన నేను, ఆ మిరపకాయను జేబులో వేసుకుని సిమెంటు దుకాణానికి వెళ్లాను.

గోడలకు రాళ్లు అతికించడం పూర్తయింది. గచ్చు వేసి, నున్నగా తాపీతో తీర్చారు. నేను గుమ్మంలో నిలబడి ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ మురిసిపోతుంటే పక్కింటి రేడియో అక్క వచ్చింది. (వాడకట్టులో ఏది జరిగినా మొదట ఆమె నోటే వినాలి, అందుకే ఆ పేరు.) లోపలికి తొంగిచూసి, గోడను చేత్తో తడిమి, గచ్చును కాలితో రాసి, నా వంక చాలా జాలిగా చూసింది. "అవునే పిల్లా, జారకుండ ఉండే గరుకు రాయేమో గోడలకు పెడితివి, సర్రున జారే గచ్చేమో కిందేస్తివి. మీ అత్తమ్మ గోడల మీద నడుస్తదానే?"

చదువుకున్న రెండేళ్లలో ఏ మాస్టారూ అడగని ప్రశ్న అది. "అది డిజైన్ అక్కా" అన్నాను. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. కళ్లు మూస్తే అత్తమ్మ జారుతున్నట్టు, కళ్లు తెరిస్తే మామ అందరికీ "డాక్టర్ ముందే అన్నడు" అని చెబుతున్నట్టు. మేస్త్రిని పట్టుకుని "అన్నా, జారదు కదా?" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేదాన్ని. "సబ్బు నీళ్లు పడితే ఏదైనా జారుతది చెల్లే, గంత ఫికర్ జేస్తే ఎట్ల?" అనేవాడు అతను. అది ధైర్యం చెప్పడమో, భయపెట్టడమో నాకు తేలేది కాదు. చివరికి నా డబ్బుతో ఒక రబ్బరు చాప కొనితెచ్చి లోపల పరిచాను. అత్తమ్మ దాని మీద ఒకసారి నిలబడి చూసి, "కప్ప మీద నిలవడ్డట్టున్నదే" అని తీసి గోడ మీద ఆరేసింది.

ఇక రంగు సంగతి. గచ్చు తీరుస్తున్నప్పుడు అత్తమ్మ మేస్త్రి నెత్తిన నిలబడి, చేతిలో మిరపకాయ పట్టుకుని, "ఇంక జర ఎయ్యి, ఇంక జర" అని ఎర్ర రంగు పొడి మీద మీద చల్లించింది. అతను వద్దంటూనే చల్లాడు. (అత్తమ్మ ముందు వద్దన్నవాళ్లు అలాగే చేస్తారు, వద్దంటూనే.) పోతూ పోతూ మాత్రం "గచ్చు మంచిగ ఆరినంక నేనొచ్చి మైనం రుద్దుత. అందాక నీళ్లు పొయ్యకుండ్రి, రంగంతా లేస్తది" అని అందరికీ వినబడేలా చెప్పి వెళ్లాడు. కానీ అత్తమ్మకు సోమవారం ఒక్కపొద్దు. ఆ రోజు పొద్దున్నే తలకు పోసుకుని, దేవుడి దగ్గర దీపం ముట్టించేదాకా ఆమె నోరు విప్పదు. ఇల్లు కాలిపోతున్నా విప్పదు. పెళ్లయి వచ్చిననాటి మొక్కు అది. కొత్త స్నానాలగది ఎదురుగా ఉండగా, సోమవారం నాడు పెరట్లో చాటు కట్టుకుని స్నానం చేయడం దేవుడికి నచ్చదని ఆమె లోపలే తీర్మానం చేసుకుంది. మాకెవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు విప్పాలి కదా!

నేను వాకిట్లో చాయ్ తాగుతుంటే కొత్త తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. చాయ్ గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తాను. "అత్తమ్మా, ఇయ్యాల వద్దు, మైనం రుద్దలే!" అని తలుపు మీద కొట్టాను. లోపల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. ఆ తరవాత ఒక్కసారిగా ధబ్బుమని ఏదో పడింది. ఆ తరవాత ఏమీ లేదు. నీళ్ల చప్పుడు కూడా లేదు.

తలుపుకు చెవి ఆనించాను. అదే సమయానికి వీధిలోంచి రేడియో అక్క కేక. మా స్నానాలగది నీళ్లు గొట్టంలోంచి వీధి మోరీలోకి పోతాయి. ఆమె వాకిలి ఊడ్చుకుంటూ అటు చూసింది. "అయ్యో అయ్యో! నెత్తురు! మోరీల నెత్తురు వోతాంది!"

వెళ్లి చూశాను. నిజంగానే ఎర్రగా, చిక్కగా, నురగతో కలిసి పారుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మిరపకాయను జేబులో వేసుకుని తిరిగినదాన్నే, అదే ఎరుపు ఎదురుగా మోరీలో పారుతుంటే మాత్రం అది గచ్చు రంగని నాకు తట్టలేదు. మేస్త్రి చెప్పిన మాట తట్టలేదు. ఆమె సోమవారం మాట్లాడదన్న సంగతి నాకే కాదు, ఆమెతో జీవితమంతా కాపురం చేసిన మామకే తట్టలేదు. మామ పంచె పైకి కట్టి "ఏమే! ఏమే! పలుకవేందే!" అని అరుస్తూ తలుపును భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. (స్నానాలగదికి ఇంత గట్టి టేకు తలుపు ఎందుకని అందరూ అంటే, నేనే పట్టుబట్టి పెట్టించాను.) మామ పిలుపులకు లోపల్నుంచి చెంబు బకెట్టుకు కొట్టిన చప్పుడు డబడబా వినిపించింది. "కాళ్లు చేతులు కొట్టుకుంటాందే తల్లీ!" అని రేడియో అక్క నెత్తి బాదుకుంది. ఆ మాటతో ఇంత సేపూ బిగబట్టుకున్న ఏడుపు కట్టలు తెంచుకుంది నాకు. చున్నీ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. "అత్తమ్మా, నేనే చంపిన్నే నిన్ను! నాకెవ్వలున్నరే ఇంక!" అని తలుపుకు నుదురు ఆనించి వాడకట్టంతా వినేలా ఏడ్చాను. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నారు, ఒకరు నా భుజం పట్టుకుని లాగుతున్నారు. మామ పెరట్లోంచి గడ్డపార తెచ్చి రెండు చేతులా పైకెత్తాడు.

అప్పుడు గడియ తీసిన చప్పుడయింది.

తలుపు తెరుచుకుంది. అత్తమ్మ నిలబడి ఉంది. నెత్తికి తువ్వాల, ఒంటికి తడి చీర, చేతిలో చెంబు. పాదాల నుంచి మోకాళ్లదాకా, చీర వెనక అంచు నుంచి నడుం దాకా జాజు పూసినట్టు ఎరుపు. కళ్లు కూడా అంతే ఎర్రగా ఉన్నాయి, కుంకుడు రసం పడిందో కోపమో తెలియదు. గడ్డపార ఎత్తిన మొగుణ్ని చూసింది, ఫోన్ పట్టుకున్న వాళ్లను చూసింది, నెత్తి మీద చేతులు పెట్టుకున్న రేడియో అక్కను చూసింది, నన్ను చూసింది. పెదవి కదపలేదు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, ఒకేసారి, ఇయ్యాల సోమవారమని.

ఆమె మా మధ్యనుంచి నడిచి ఇంట్లోకి వెళ్లింది. హాల్లో తెల్లటి టైల్స్ మీద ఎర్రటి అడుగులు ఒక్కొక్కటే పడుతూ దేవుడి గది దాకా వెళ్లాయి. లక్ష్మీదేవి వచ్చినట్టుందని ఎవరో గొణిగారు గానీ, మాకు మాత్రం కాళికమ్మ వచ్చినట్టే ఉంది. ఎంత వింత చూడండి, ఇంతకుముందు దాకా ఆమె ఒక్క మాట మాట్లాడితే చాలని ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కిన నేను, ఇప్పుడు ఆమె మాట్లాడకుండా ఉంటే బాగుండునని అదే దేవుళ్లకు మొక్కడం మొదలుపెట్టాను. దీపం వెలిగితే నోరు విప్పుతుంది. చీర మార్చుకుని వచ్చి తీరిగ్గా ఒత్తి చేసింది, నూనె పోసింది. మేమంతా గుమ్మం దగ్గర నేరం చేసినవాళ్లలా నిలబడ్డాం. మామ చేతిలో గడ్డపార అలాగే ఉంది, దించాలని కూడా తోచలేదు. మొదటి అగ్గిపుల్ల ఆరిపోతే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోది వెలిగింది.

అత్తమ్మ దండం పెట్టుకుని ఇటు తిరిగింది. మొదట మామను చూసి "గడ్డపార కిందవెట్టు. తలుపు కొత్తది" అంది. తరవాత రేడియో అక్కతో "పీట జారింది, నేను గాదు. గచ్చు మీద కూసోని పోసుకున్న. బతికే ఉన్ననని చెంబుతోటి కొడితే గూడ మీకు సమజ్ గాదాయె" అంది. ఆ తరవాత నా వంతు. నేను తల దించుకుని, ఏ మొట్టికాయకైనా సిద్ధంగా నిలబడ్డాను. చెయ్యి నెత్తి మీద పడింది గానీ మొట్టలేదు. అక్కడే ఉండిపోయింది.

"లోపట్నుంచి అంత విన్న బిడ్డా. గంత ఏడ్సినవు" అంది. "నా కడుపున ఎవ్వలు పుట్టకపాయె, నేను పోతే ఏడ్సెటోళ్లు ఎవ్వలున్నరు అని ఎన్నిసార్లనుకున్ననో. ఇయ్యాలతోటి ఆ రంది పోయింది." కళ్లు తుడుచుకుని, నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. "కానీ ఒక్క మాట. నేను నిజంగ పోయిన్నాడు గూడ గింతనే ఏడ్వాలె. తక్వ జేసినవో, లేసొచ్చి తంత."

మరుసటి వారం మేస్త్రి వచ్చి పైపొడి అంతా కడిగి, మైనం రుద్దాడు. గచ్చు ఎండుమిరపకాయ రంగులో నిలిచింది, ఇప్పటికీ అలాగే ఉంది. నేను మాత్రం మొదటే కాళ్ల కింద వేయాల్సిన గరుకు నల్లరాయిని, తలుపు నుంచి నీళ్లు పోసుకునే చోటు దాకా ఒక బద్దలా గచ్చులో పొదిగించాను. (గోడలకు మిగిలినవే వాడాం.) ఆ రోజు హాల్లో పడ్డ అడుగుల్లో ఒకటి టైల్స్ సందులో ఇంకిపోయి ఎంత తోమినా పోలేదు. దాన్ని చూపించి, వచ్చిన చుట్టాలందరికీ అత్తమ్మ ఈ కథ చెబుతుంది, నా ఏడుపును ప్రతిసారీ కాస్త పెంచి.

ఇప్పుడు ఎన్నో ఇళ్లకు రాళ్లూ రంగులూ ఎంచుతున్నాను. ధైర్యంగా మాట్లాడతాను, జనం వింటారు. కానీ సోమవారం నాడు కోటలోని ఆ ఇంటికి వెళితే మాత్రం కాళ్లు వాటంతట అవే ఆ టేకు తలుపు దగ్గరికి వెళతాయి. మొక్కు తప్పకుండా, మాకు గుండె ఆగకుండా ఉండాలని అత్తమ్మే పెట్టిన పద్ధతి ఒకటుంది. నేను బయట దగ్గుతాను. ఆమె లోపల్నుంచి చెంబుతో బకెట్టును రెండుసార్లు కొడుతుంది. మొదటి చప్పుడు వినగానే, చున్నీ నోట్లో కుక్కుకుని ఈ తలుపుకే నుదురు ఆనించి ఏడ్చిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. నవ్వుతాను గానీ, రెండోది వినబడేదాకా అక్కణ్నుంచి కదలను.