సంతోషి ఆప్షన్ల వరుస

సంతోషికి భయమంటూ ఉంటే అది మనుషులంటే కాదు, కాగితాలంటే. నాచారంలో వాళ్ల గల్లీ కుక్కలన్నిటినీ ఒక్క కేకతో అదిలించే పిల్ల, మార్కుల మెమో చేతికి రాగానే నోరు పెగలక ఒక మూల కూర్చునేది. కారణం లేకపోలేదు. ఉప్పల్‌లో సర్కారు బడిలో తెలుగు మీడియంలో పదో తరగతి బాగానే గట్టెక్కి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరింది. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో. అర్థం కాకపోయినా బట్టీ పట్టి రాసింది. మొదటి ఏడాదే నాలుగు సబ్జెక్టులు పోయాయి. అందులో లెక్కలు రెండుసార్లు పోయాయి.

ఇంకొకరైతే చదువుకు దండం పెట్టేవారు. సంతోషిది మొండిఘటం. పదిహేడేళ్ల వయసులో పక్కింటివాళ్లనడిగి ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం తెచ్చుకుని, భిన్నాల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వారు. నవ్వనీ అనుకుంది. పోయిన సబ్జెక్టులను ఒక్కొక్కటే సప్లిమెంటరీలో రాసి వదిలించుకుంది. ఆ పైన ఈసెట్ రాసింది. డిప్లొమా చదివినవాళ్లను నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో కూర్చోబెట్టే పరీక్ష అది. తన బ్రాంచిలో నూట నలభై మూడో ర్యాంకు వచ్చింది.

తండ్రి కొమురెల్లి జనగామ వైపు నుంచి వచ్చి, నాచారంలో పంపులు తయారుచేసే కంపెనీలో ఇరవై రెండేళ్లుగా స్టోర్స్‌లో పనిచేస్తున్నాడు. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్తాడు. కూతురు ఏం చదువుతోందో మాత్రం కళ్లు తెరిచినా చెప్పలేడు. ర్యాంకు వచ్చిన రోజు తోటివాళ్లందరికీ మిర్చి బజ్జీలు పంచాడు.

"నూట నలబై మూడంటే మంచిదేనా కొమురెల్లన్నా?" అని ఒకతను అడిగాడు.

"నాకేమెరుక? జర గరం మీద తిను నువ్వు," అన్నాడు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఏ కాలేజీ కావాలో కంప్యూటర్లో వరుసగా ఆప్షన్లు పెట్టాలి. గిరిప్రసాద్ నడిపే నెట్ సెంటర్లో కూర్చుని సంతోషి పన్నెండు కాలేజీలు పెట్టింది. మేడిపల్లి దాటాక ఉన్న ప్రైవేటు కాలేజీ మొదట, యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ అన్నిటికన్నా చివర. యూనివర్సిటీలో ఆ బ్రాంచికి ఉన్నవే కొన్ని సీట్లు. పోయినేడు చివరి సీటు తన ర్యాంకుకు అటూఇటుగా ఆగింది. పైగా పాలిటెక్నిక్ స్నేహితులు ఒక మాట ఊదిపెట్టారు: పెద్ద కాలేజీ ముందు పెట్టి అది రాకపోతే, కిందివి కూడా చేజారిపోతాయని.

మర్నాడు సాయంత్రం ఐదింటికి గడువు. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ కొమురెల్లి ఆ ప్రింటు కాగితం చూశాడు. యూనివర్సిటీ అన్న ఇంగ్లీషు మాట ఆయనకు బస్సుల బోర్డుల మీద అలవాటే.

"ఏంది బిడ్డా, యూనివర్సిటీ గీడ అడుగున పడ్డది?"

"గది మనకు రాదు నాయినా. ముందు పెడితే మిగిలినవి గూడ పోతయట."

"ఎవరు జెప్పిన్రు? ఇగో, మా కంపెనీల మిషన్ల కాడోళ్లు గావాల్సిన సామానుకు ఇండెంటు రాస్తరు. వాళ్లకు ఏది ముఖ్యమో గదే పైన రాస్తరు. ఉన్నదా లేదా అని సూసుకునేది మేము. పైన రాసింది లేదంటే కింద రాసింది ఇస్తం గని, ఉత్త చేతుల్తోటి ఎల్లగొడ్తమా?"

"గది మీ స్టోరు. ఇది కంప్యూటరు."

"అయితే గిరిప్రసాద్‌ను అడుగు."

సంతోషి లేవలేదు. కాగితాన్ని మడతపెడుతూ అసలు మాట బయటపెట్టింది. "వస్తెనే నాకు భయం నాయినా. ఆడ అందరు టాపర్లే ఉంటరు. మళ్ల ఫెయిలైతే?"

కొమురెల్లి టిఫిను డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. "అయితే మళ్ల ఎనిమిదో తరగతి పుస్తకం దెచ్చుకో. నీకు కొత్తనా?" అన్నాడు.

సంతోషికి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. చెప్పులేసుకుని నెట్ సెంటర్‌కు నడిచింది. గిరిప్రసాద్ తల పట్టుకున్నాడు. "మీ నాయిన జెప్పిందే కరెక్ట్. పైది రాకపోతెనే కిందిది సూస్తది. నిన్న నన్నెందుకు అడగలే నువ్వు?" అన్నాడు. వెబ్‌సైటు మాటిమాటికీ మొరాయించడంతో, యూనివర్సిటీని మొదటికి జరిపి, వరుస ఇక మారకుండా ఫ్రీజ్ చేసేసరికి సాయంత్రం నాలుగు దాటింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఇంట్లో ఎవరూ సీటు మాట ఎత్తలేదు. పదమూడో రోజు ఫోన్లో మెసేజ్ వచ్చింది. యూనివర్సిటీ కాలేజీ, ఎలక్ట్రికల్.

కాలేజీలో చేరే రోజు కొమురెల్లి సెలవు పెట్టి తోడు వెళ్లాడు. సంతోషి చేతిలో మెమోల కట్ట. పాసైనవి, ఫెయిలైనవి, సప్లిమెంటరీవి. ఎందుకు ఫెయిలయ్యావని అడిగితే ఏం చెప్పాలో బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చింది. కౌంటర్లో ఉన్న ఆవిడ ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి, ముద్ర వేసి, "రెండు జిరాక్సులు తక్కువున్నయమ్మా" అని మాత్రం అంది.

బయట మెట్ల దగ్గర కొమురెల్లి ఎదురొచ్చాడు. "ఏమడిగిన్రు?"

"ఏం అడగలే నాయినా. రెండు జిరాక్సులు గావాల్నట."

ఆయన మెట్టు మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నిజం జెప్పాల్నంటే బిడ్డా, ఇది నీకు వస్తదని నాకు గూడ నమ్మకం లేకుండె."

"మరి గంత ధైర్యంగ ఎట్ల జెప్పినవ్?"

"రాకుంటే రాకపాయె. వాళ్లు వద్దనకముందే నువ్వే వద్దనుకుంటున్నవ్. గది సూడలేకపోయిన."

సంతోషి ఆయన పక్కనే కూర్చుంది. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఆమె ఎవరినీ లెక్కచేయకుండా తండ్రి భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది.