చెయ్యి ఆపుకున్న వసితి

అపాకుకి అని మా తమ్ముడు. వాడి నోరు మూయించిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. మా మేనమామ కూతురు, మా వదిన వసితి. నోటితో గెలవలేదు, ఒక ఎండ్రకాయతో గెలిచింది.

మా దొర పోయిన రోజుల మాట. దొర పోతే మా కందావు దీవిలో ఊరి ముందున్న పగడపు దిబ్బ మీద కొయ్య నాటి, గుడ్డ కడతారు. నూరు రాత్రులు గడిచి గుడ్డ దిగేదాకా ఆ నీళ్ళలో వల పడకూడదు, ఊళ్ళో కేక వినపడకూడదు. పోట్లాట జరిగిందా, దొరకి అవమానం జరిగినట్టే, గుడ్డ దించెయ్యాల్సిందే.

రేపు కొయ్య నాటుతారనగా రాజధాని సువా నుంచి చేపల ఆఫీసరు వచ్చాడు. పక్క ఊళ్ళ పడవల వాళ్ళకి తెలిసేలా ఒడ్డున బోర్డు పెట్టిస్తానన్నాడు. దానిమీద ఇంగ్లీషులో ఒకటే మాట పెద్దగా ఉంది, రిఫ్రెయిన్ అని. కింద మా భాషలో ఏం రాయాలో చెప్పమని సభలో అడిగాడు.

అపాకుకి మా ఊరి పెద్ద. దీనికింత ఆలోచనెందుకు, తాంబు అని రాసెయ్యండి, ముట్టుకోకూడదని పసిపిల్లకి కూడా తెలుస్తుంది అన్నాడు.

గుమ్మం దగ్గర ఆడవాళ్ళలో కూర్చున్న వసితి కాదంది. వయసులో ఉన్నప్పుడు సువాలో నర్సమ్మల ఇంట్లో వంట చేసింది, ఇంగ్లీషు కాస్త పట్టుబడింది. తాంబు నీళ్ళకి పెట్టేది, కొయ్య పీకేస్తే అదీ పోతుంది, ఈ మాట మనిషి తనకి తాను పెట్టుకునేది అంది. నీ వంటింటి ఇంగ్లీషు వంటింట్లోనే ఉంచుకో వదినా అన్నాడు మా తమ్ముడు. నీ బుర్ర కూడా అక్కడే మరిచిపోయొచ్చావు, తెచ్చివ్వనా అని వసితి. వదినా మరుదులు కదా, ఎంతైనా అనుకోవచ్చు. సభలో తాగే యంగోనా వేరు రసం గిన్నె రెండోసారి కలిపేదాకా ఇద్దరూ తగ్గలేదు. ఆఫీసరు నవ్వుతూ కూర్చున్నాడు.

ఉన్నట్టుండి వసితి లేచి వెళ్ళి, కొబ్బరిపాలలో ఉడికిన ఎండ్రకాయని అరిటాకులో పెట్టుకొచ్చింది. డెక్కలు నా చేతులంత ఉన్నాయి. ఎండ్రకాయంటే అపాకుకి పడిచచ్చిపోతాడని దిబ్బ మీద చేపలకి కూడా తెలుసు. దాన్ని తీసుకొచ్చి వాడి మోకాలి ముందు పెట్టి, "తిను మరిదీ. ఎవరూ వద్దనడం లేదు" అంది.

ముసలి పెద్దలింకా రెండో గిన్నె అందుకోలేదు, వాళ్ళకన్నా ముందు తినడం మర్యాద కాదు. వాడి చెయ్యి ఆకు దాకా వెళ్ళింది, వెనక్కి మోకాలి మీదకి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. సభంతా ఆ చేతినే చూస్తోంది.

"నిన్నెవరైనా ఆపారా?" అంది వసితి.

"లేదు."

"తాంబు పెట్టారా?"

"లేదు."

"మరి తినవేం?"

వాడు గుటక మింగాడు. "ఆపుకున్నాను" అన్నాడు.

"ఆ మాటే రాయించు" అని వచ్చి నా పక్కన కూర్చుంది. బోర్డు మీద అదే రాశారు, మీ చెయ్యి మీరే ఆపుకోండి అని.

కొయ్య నాటి సగం రాత్రులు గడిచాయి. వసితి కూతురు ఎలెనోవాకి కాన్పయింది. బాలింతకి చేపల పులుసు పొయ్యకపోతే పాలు పడవని మేమంటాం, నిజం కూడాను. వసితి గుమ్మంలో నిలబడితే చాలు, ఎవరూ ముట్టుకోక బలిసిన చేపలు వీపులు ఆరబెట్టుకుంటూ కనిపించేవి. అపాకుకి తనే వచ్చాడు. పసిబిడ్డ ఆకలికి దొర కోప్పడడు, రెండు చేపలు తీసుకో, నేను అటు తిరిగి కూర్చుంటాను అన్నాడు.

"నువ్వు అటు తిరుగుతావు సరే, నేనెటు తిరగాలి?" అంది వసితి.

అరిగిపోయిన మోకాలితో కొండ దాటి అవతలి మడ అడవి బురదలోకి నడిచింది. అక్కడ గుడ్డ లేదు, సరైన చేపా లేదు. నన్ను వెంటేసుకుని గుల్లలు తవ్వేది, వేలంత చేపలు ఏరేది. నేను దారి పొడుగునా తిట్టేదాన్ని. వసితి ఈల వేసుకుంటూ నడిచేది. రోజూ పులుసు కాచింది, ఎలెనోవాకి పాలు పడ్డాయి.

ఒకరోజు తిరిగొస్తూ పాచిరాయి మీద జారింది, కాలు విరిగింది. నేను కొండ దాటి ఊళ్ళోకి పరిగెత్తి చెప్తే మగాళ్ళు పడవ తెచ్చారు. కొండ చుట్టూ తిరిగి మూసిన దిబ్బ మీదుగానే ఒడ్డుకి తెచ్చారు, వేరే దారి లేదు. ఊరు చూసింది అదీ: వసితి తడిబట్టలతో ఆ నీళ్ళ వైపు నుంచే వస్తోంది, ఒళ్ళో చేపల బుట్ట, విరిగిన కాలు.

మా ఊళ్ళో కాలు ఊరికే విరగదు. తాంబు ముట్టుకున్నవాళ్ళకే విరుగుతుంది. పడవ ఒడ్డుకి తగలకముందే ఒడ్డున నిలబడ్డ మా ఊరి కెలెరా ఆ మాట అనేసింది. మడ అడవి నుంచి తెచ్చామని పడవ వాళ్ళు చెప్పినా ఎవరూ వినలేదు, సాయంత్రానికల్లా ఇంటింటా అదే మాట. కెలెరా కొడుకులు వలలు బాగుచేసుకుంటూ గుడ్డ ఎప్పుడు దిగుతుందా అని కూర్చున్నారు. కెలెరా నా గుమ్మం ముందుగా పోతూ, "కొందరు చేతులు ఆపుకోమని బోర్డులు రాయిస్తారమ్మా, చాటుగా బుట్టలు నింపుకుంటారు" అని గాలితో చెప్పినట్టు చెప్పిపోయింది.

వసితి పక్కనే బురదలో ఉన్నదాన్ని నేను. ఊరి నడుమ నిలబడి కెలెరా ఏడు తరాలూ కడిగేద్దామని నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ బిగించాను. నేను నోరు తెరిస్తే కుక్కలు కూడా ఇళ్ళలోకి పోతాయి. ముందు వసితికి చెప్పి వెళ్దామని నర్సు గదికి పోయాను.

కాలికి కట్టు కట్టి పడుకోబెట్టారు. మనవరాలు దాని పొట్ట మీద నిద్రపోతోంది. అంతా విని బిడ్డ మీద దుప్పటి సర్దింది. నూరు రాత్రులై గుడ్డ దిగాక కూడా ఊరు నిన్ను దొంగనే అంటుంది, నీకు పరవాలేదా అని అడిగాను.

"పరవా ఉంది. ఏడుపొస్తోంది కూడా" అంది. "కానీ కెలెరాకి కావలసింది నువ్వు అరవడమే. నువ్వరిస్తే అది పోట్లాట. పోట్లాటైతే గుడ్డ దిగుతుంది. తెల్లారేసరికి దాని కొడుకుల వలలు నీళ్ళలో ఉంటాయి."

మంచం పట్టెమీద ఉన్న నా చెయ్యి పట్టుకుంది.

"నా చెయ్యి నేను ఆపుకున్నాను మరదలా, అది తేలికే. గుడ్డ దిగేదాకా నీ నోరు నువ్వు ఆపుకో. కెలెరా గుమ్మం ముందు నిలబడి ఏమన్నా తలెత్తకు, చేమదుంప చెక్కుతూ కూర్చో. కత్తి మాత్రం మొద్దుది తీసుకో."