బల్ల మీదికెక్కిన పరదా

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. వీధి వీధంతా మిషనక్క అనే అంటుంది. ముందుగదిలో కిటికీ పక్కన పాత కుట్టుమిషను, దాని మీద అంకెలు అరిగిపోయిన టేపు, గోడ మేకులకు వరసగా బడిపిల్లల యూనిఫారాలు. బడి తెరిచే ముందు రెండు నెలలూ ఆమెకు తిండికి కూడా తీరిక ఉండదు. పిల్లను ఒక్కసారి చూస్తే చాలు, భుజమెంతో నడుమెంతో కంటితోనే చెప్పేస్తుంది. ఎవరి జోలికీ పోదు. తన జోలికొస్తే మాత్రం ఊరుకోదు.

పదమూడో ఏట బడి ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "చదువు అబ్బలేదు" అనేది. అది పచ్చి అబద్ధం. ఆమెకు లెక్కలంటే ప్రాణం. ఆమె చదివిన బడిలో ఆడపిల్లలు ఒంటికి వెళ్లడానికి చోటే లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చోలేక మానేసింది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఇరవై ఏళ్లు మొద్దు అనిపించుకుంది. సిగ్గుపడాల్సినవాళ్లు హాయిగా జీతాలు తీసుకుని రిటైరైపోయారు.

ఆమెకు ఒక్కతే కూతురు, పన్నెండేళ్లది. రోజూ బడి నుంచి ఆ పిల్ల నీళ్లసీసా నిండుగా తిరిగొచ్చేది. "నీళ్లు తాగడానికి కూడా బద్ధకమేనటే నీకు?" అని మిషనక్క తిట్టేది. ఏడాదికి పైగా తిట్టింది. ఆ తిట్లు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

పిల్లకు జ్వరమొచ్చింది. తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారి డాక్టరమ్మ పరీక్షల కాగితాలు పక్కన పెట్టి పిల్లనే అడిగింది.

"బడిలో బాత్రూముకి వెళ్తున్నావా తల్లీ?"

పిల్ల తల వంచుకుంది. "దానికి తలుపు లేదండీ. పోయినేడు ఊడిపోయింది. మేమెవరమూ వెళ్లం. తాగితే వెళ్లాల్సొస్తుందని నీళ్లు కూడా తాగం."

"ఇలాగే బిగబట్టుకుంటే కిడ్నీలు పాడవుతాయమ్మా" అంది డాక్టరమ్మ, ఈసారి మిషనక్క వైపు తిరిగి. "మందులు నేనివ్వగలను. తలుపు ఇవ్వలేను కదా."

ఇంటికొచ్చాక పిల్ల మెల్లిగా, "నేనిక బడికి వెళ్లనమ్మా. నీ దగ్గర కుట్టు నేర్చుకుంటా" అంది. గుడ్డ కత్తిరిస్తున్న మిషనక్క చెయ్యి ఆగిపోయింది. తన కథే మళ్లీ మొదలవుతోందని ఆమెకు అర్థమైంది. ఏడుపు రాలేదు, మంట పుట్టింది.

మర్నాటి నుంచి యూనిఫారం వదులు చేయించడానికో గుండీ కుట్టించుకోవడానికో ఏ తల్లి వచ్చినా ఒకటే ప్రశ్న. "మీ పిల్ల నీళ్లసీసా ఇంటికెలా వస్తోంది?" అందరూ ముందు నవ్వేవాళ్లు, తర్వాత ఆలోచించేవాళ్లు, ఆ తర్వాత వాళ్ల ముఖాలు మారిపోయేవి. వారం తిరిగేసరికి పంతొమ్మిదిమంది తల్లులు జతకలిశారు. ఒక్కొక్కరూ తమ పిల్లదే బద్ధకమనుకుని తిడుతూ కూర్చున్నవాళ్లే.

అందరూ కలిసి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన గది పక్కనే స్టాఫ్ బాత్రూము. దానికి కొత్త రంగేసిన తలుపు, తలుపుకు గడియ, గడియకు తాళం. మిషనక్క ఆ తాళాన్నే చూస్తూ నిలబడింది.

"పైకి రాశామమ్మా. అనుమతి రావాలి" అన్నాడాయన. "అందాకా పిల్లల్ని కాస్త ఓర్చుకోమనండి."

ఆమె భర్త బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. రమ్మంటే, "అది ఆడవాళ్ల విషయం కదే. మగవాళ్లం వచ్చి ఏమని అడుగుతాం?" అన్నాడు.

"బిడ్డ నీది కాదా? కిడ్నీల్లో కూడా ఆడా మగా ఉంటాయా?" అంది మిషనక్క. ఆయన ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. సాయంత్రం వెళ్లి తన స్నేహితుడైన వడ్రంగితో మాట్లాడాడు. వడ్రంగి కూతురిదీ అదే తరగతి.

వడ్రంగి పాత చెక్కలతో ఒక తలుపు చేసి తన భుజాన మోసుకెళ్లాడు. హెడ్మాస్టరు గేటు దగ్గరే ఆపేశాడు. బయటివాళ్లు బడి ఆస్తి మీద మేకు కొట్టకూడదట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. వడ్రంగి తలుపును మోసుకుని అలాగే వెనక్కి వచ్చాడు.

మేకు కొట్టకూడదంటే సరే, పరదాకు తాడు చాలు కదా అనుకుంది మిషనక్క. తల్లులు తలా ఒక ముక్క తెచ్చారు. మందపాటి నీలం గుడ్డ, గాలికి లేవకుండా అడుగున రెండు మడతల కుట్టు. చివరి జానెడు మిగిలి ఉండగా నీలం దారం అయిపోతే, ఎర్రదారంతో ముగించింది. పరదా కట్టిన రోజు నుంచి సీసాలు ఖాళీగా రావడం మొదలైంది. పిల్ల జ్వరం మాటెత్తలేదు, బడి మానేస్తానన్న మాటా ఎత్తలేదు.

నెల తిరక్కముందే బడిలో పెద్ద సభ పెట్టారు. పై ఆఫీసు నుంచి అధికారి వచ్చాడు. పిల్లల బంగారు భవిష్యత్తులో తల్లిదండ్రుల పాత్ర అని నల్లబల్ల మీద రంగుసుద్దలతో రాశారు. మిషనక్క రెండో వరసలో కూర్చుంది. వేదిక మీద పొడుగాటి బల్ల, బల్ల మీద నీలం గుడ్డ, గుడ్డ మీద పూలకుండీ. అధికారి మోకాళ్ల ముందు వేలాడుతున్న అంచున జానెడు మేర ఎర్రదారం.

తన చేతి కుట్టును ఆమె చీకట్లో తడిమినా గుర్తుపడుతుంది. ఇది పట్టపగలు.

లేచి వేదిక ఎక్కింది. పూలకుండీ తీసి హెడ్మాస్టరు చేతుల్లో పెట్టింది. మంచినీళ్ల గ్లాసు అధికారి చేతికిచ్చింది. గుడ్డను సర్రున లాగి భుజాన వేసుకుంది.

"ఇది బల్లగుడ్డ కాదండీ" అంది అధికారితో. "మా ఆడపిల్లల బాత్రూము తలుపు."

హెడ్మాస్టరు పూలకుండీ పట్టుకునే, "ఒక్క పూటకే కదమ్మా తీశాం. పెద్దలొచ్చినప్పుడు బల్ల బోసిగా ఉంటే ఏం బాగుంటుంది?" అన్నాడు.

బల్ల బోసిగా ఉండకూడదట. నూట నలభైమంది ఆడపిల్లలు ఆ పూటంతా గొంతెండబెట్టుకుని కూర్చుంటే ఫరవాలేదట. చెక్కబల్లకున్న పాటి మర్యాద కడుపున పుట్టిన బిడ్డలకు లేకపోయింది.

"నేను పరిశీలిస్తాను" అన్నాడు అధికారి.

అప్పుడు లేచాడు డ్రైవరు. పదిమందిలో నోరు విప్పడం ఆయనకు అదే మొదలు. "ఎన్నాళ్లండీ పరిశీలించడం? నా కూతురు ఇప్పటికి మూడుసార్లు మంచం పట్టింది." వెనక వరసలో వడ్రంగి లేచాడు. ఆ వెనక ఇంకో తండ్రి, ఇద్దరు తల్లులు. కుర్చీలు ఖాళీ అయిపోయాయి.

అంతా కలిసి నేరుగా స్టాఫ్ బాత్రూము దగ్గరికి నడిచారు. కట్టించినవాడు ఒకడే కాబట్టి బడిలో గుమ్మాలన్నీ ఒకే కొలత. వడ్రంగి బందుల స్క్రూలు విప్పాడు, డ్రైవరు తలుపు పట్టుకున్నాడు. అరగంటలో అది ఆడపిల్లల బాత్రూముకు ఎక్కి కూర్చుంది. గడియ లోపలివైపుకు మార్చారు.

"అది బడి ఆస్తి" అంటూ వెంటపడ్డాడు హెడ్మాస్టరు.

"బడి ఆస్తి బడిలోనే ఉందిగా సార్. ముప్ఫై అడుగులు జరిగింది, అంతే" అన్నాడు వడ్రంగి.

"మరి మేమేం చెయ్యాలయ్యా?"

"పైకి రాయండి సార్" అంది మిషనక్క. "అనుమతి వచ్చేదాకా ఆపుకోండి."

ఏడాదిన్నరగా రాని అనుమతి నాలుగో రోజు వచ్చింది. స్టాఫ్ బాత్రూముకు కొత్త తలుపు, కొత్త గడియ వచ్చాయి, బిగించడానికి పై ఆఫీసు మనిషి కూడా వచ్చాడు. ఆ వార్త మోసుకుని వడ్రంగి, అతని భార్య, ఇంకో నలుగురు తల్లులు మిషనక్క ఇంటికొచ్చి పగలబడి నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. మిషనక్క మాత్రం నవ్వలేదు. మిషను ఆపి, పక్కన హోంవర్కు చేసుకుంటున్న కూతురి తల మీద చెయ్యి వేసింది.

"అంటే నాలుగు రోజుల పనన్నమాట. నాలుగు రోజుల పనికి నా బిడ్డను ఏడాదిన్నర దాహంతో కూర్చోబెట్టారు" అంది.