రిలీవరు రానిదే దిగకూడదు

మా ఇంటికి క్యాన్సర్ ఒక్కటే రాలేదు. దాని వెనకాలే ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు కూడా వచ్చాయి. క్యాన్సర్‌కి మందుంది గానీ ఈ షిఫ్టులకి లేదని నాకు తొందర్లోనే తెలిసింది.

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నిండిన పెద్ద కుండల్ని ఎత్తి మోసే క్రేను అది. ఆ పనికి ఒక కట్టుబాటుంది. తర్వాతి షిఫ్టువాడు, అంటే రిలీవరు, పైకెక్కి ఎదురుగా నిలబడేదాకా పాతవాడు సీట్లోంచి లేవకూడదు. ఆకలేసినా, ఒంటేలుకొచ్చినా అంతే. మా ఆయన రిలీవరు ఒక్కరోజు కూడా టైముకి వచ్చిన పాపాన పోలేదు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను వండిన అన్నం చల్లారిపోవడానికి ఆ మహానుభావుడే కారణం. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మా ఆయన తిట్టేది ఆయన్నే. మళ్లీ సెలవొస్తే ఇద్దరూ ఒకే బండి మీద హార్బరుకి చేపల కోసం పోయేవారు.

పెద్దపేగులో క్యాన్సరని తేలి, ఆపరేషనయి, కీమో మొదలుపెట్టినప్పుడు డాక్టరుగారు రెండు ముక్కలు చెప్పారు. కీమో మధ్యలో మానెయ్యకూడదు, మానేస్తే పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. రోగిని కనిపెట్టుకుని ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. నేను తలూపాను. నా పక్కన నిలబడ్డ రిలీవరు కూడా ఊపాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో ఒకాయన ఫ్యాక్టరీ హెల్మెట్‌తో సహా నిలబడి ఉన్నాడు.

"ఎ షిఫ్టండి," అన్నాడు.

"ఏటి ఎ షిఫ్టు?"

"బావని సూసుకోడానికి. మద్దేన్నం బి షిఫ్టోడొచ్చి ఛార్జి తీసుకుంటాడు. మీరెల్లి తొంగోండమ్మా."

అప్పుడే లేచి మొహం కడుక్కున్నదాన్ని పడుకోమంటాడేమిటి! కానీ అతను అప్పటికే మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం బి షిఫ్టాయన వచ్చాడు. ఇద్దరూ మంచానికి చెరోవైపు నిలబడ్డారు.

"జొరం నేదు. ఇడ్లీ ఒకటిన్నర లోపలికెల్లింది. ఒకసారి కక్కాడు."

"పెండింగేటైనా ఉందా?"

"మజ్జిగ పెండింగు."

"నాను మనిసినిరా!" అని మా ఆయన మధ్యలోంచి అరిచాడు.

"ఒల్లకో బావా. ఛార్జి ఇచ్చేటప్పుడు మాటాడకూడదు."

పెందుర్తి నుంచి మా అక్క బత్తాయిలు పట్టుకుని వస్తే షిఫ్టువాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. దగ్గుందా, జలుబుందా, రోగికి ఏమవుతారు అని ఆరా. మా అక్క నోరు ముందే పెద్దది. "నా మరిదిని సూడ్డానికి నీ పర్మిషనేటిరా!" అని విరుచుకుపడి, ఆ ఊపులో ఫెళ్లున తుమ్మింది. అంతే, ఆ తుమ్ముతో దానికి లోపలికి ప్రవేశం పోయింది. బత్తాయిలు మాత్రం లోపలికొచ్చాయి, శుభ్రంగా కడిగించుకుని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది ఇల్లా, ఫ్యాక్టరీయా, నా మొగుడికి గంజి పొయ్యాలంటే ఎవడి డ్యూటీయో చూసుకోవాలా అని రిలీవరుని నిలదీశాను. ఆయన తాపీగా విన్నాడు.

"నీకు జనరల్ షిఫ్టేసాం సెల్లెమ్మా. ఆదివారం వీక్లీ ఆఫు."

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఆపరేషనైన దగ్గర్నుంచి అలాంటి నిద్ర లేదు. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు, చెబితే ఇంకా నెత్తినెక్కి కూర్చుంటారని.

రిలీవరు మా ఇంటి డ్యూటీకి కూడా ఆలస్యమే. అతనొచ్చేదాకా ముందున్నవాడు కదలకూడదు కాబట్టి ఆ పూట భోజనం కూడా మా ఇంట్లోనే. మా ఆయన మాత్రం గడియారం కేసి చూస్తూ, "ఈడు సచ్చినా టైముకి రాడు" అని మొదలుపెట్టేవాడు. రోజంతా మూలుగుతూ పడుకున్న మనిషి, ఆ తిట్లు తిట్టడానికి మాత్రం లేచి కూర్చునేవాడు.

ఇంకా కొన్ని కీమోలు మిగిలుండగా ఒకరోజు పొద్దున ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో గుమ్మంలోకి వచ్చింది. మా ఆయన మంచం మీంచి లేవలేదు. నోరంతా పుళ్లు, వేళ్లు మొద్దుబారిపోయాయి. నేను తెచ్చిన చొక్కా పక్కకి తోసేశాడు.

"నాను రాను. ఇంక నా వల్ల కాదే. దిగిపోతాను."

బతిమాలాను. తిట్టాను. పిల్లల మీద ఒట్టు వేశాను. కాళ్లు కూడా పట్టుకున్నాను. ఎ షిఫ్టాయన గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు. నా మొగుడు రేపటి నుంచి ఉండడేమోనని నాకు భయం పట్టుకుంది. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

అప్పుడొచ్చాడు రిలీవరు, ఆస్పత్రికి తోడు రావలసినవాడు, ఎప్పటిలాగే ఆలస్యంగా. సంగతి విని, మంచానికి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"దిగిపోతావా బావా?"

"దిగిపోతాను."

"రిలీవరేడీ?"

"ఏటి?"

"సెల్లెమ్మ మొగుడి సీటు ఒగ్గేసి దిగిపోతానంటన్నావు కదా. ఛార్జి ఎవుడికిస్తావు? ఎవుడొచ్చాడు?"

నీ నోట్లో మన్ను పడ, మొగుడి సీటుకి రిలీవరేమిటయ్యా! నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎ షిఫ్టాయన ఫ్యాను కేసి చూస్తున్నాడు.

మా ఆయన మోచేతి మీద లేచాడు. "ఇన్నేళ్లూ నీకోసం కూకున్నాన్రా," అన్నాడు. "నీళ్లు కూడా తాక్కుండా కూకున్నాను."

"కూకున్నావు. నాను రాకుండా ఒక్కనాడైనా దిగావా?"

"నేదు."

"మరి ఇప్పుడెందుకు దిగుతావు?"

మా ఆయనకి ముందు కళ్లలో నీళ్లొచ్చాయి, తర్వాత నవ్వొచ్చింది. నవ్వితే నోట్లో పుళ్లు మండి మొహం చిట్లించుకున్నాడు.

"నీలాటోడు నా రిలీవరయితే నాను ఈ జన్మలో దిగలేన్రా."

"అదే కదా నాను సెప్తంది," అన్నాడు రిలీవరు. "నాను ఎప్పుడూ లేటే."

మా ఆయన చెయ్యి చాపి, "సొక్కా ఇయ్యి," అన్నాడు. మొద్దుబారిన వేళ్లతో గుండీలు పెట్టుకోలేకపోయాడు. అది లెక్క ప్రకారం ఎ షిఫ్టు పని. ఎ షిఫ్టాయన ముందుకొచ్చాడు గానీ, నా మొహం చూసి ఆగిపోయాడు. గుండీలు నేను పెట్టాను.