బొంతలో ఐదో పొర

ఆ రోజుల్లో మా వైపు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం రాని కుర్రాడికి ఇంట్లో ఒక ప్రత్యేకమైన స్థానం ఉండేది. అది సీలింగ్ ఫ్యాను కింద ఉండేది. అక్కడ పడుకుని అతను ఇంటర్వ్యూలకి ప్రిపేరవుతుంటే, గ్యాస్ బండ మార్చడానికీ, కరెంటు బిల్లు కట్టడానికీ, పెళ్ళిళ్ళలో సాంబారు బకెట్టు పట్టుకోవడానికీ మధ్యమధ్యలో లేపుతుండేవారు. ఆ స్థానాన్ని నేను దాదాపు ఏడాదిపాటు ఎవరికీ వదలకుండా అలంకరించాను. ఎవరైనా వచ్చి "మీ వాడేం చేస్తున్నాడండీ?" అని అడిగితే, నాన్న రొయ్యల చెరువుల వైపు చూస్తూ "ట్రైనింగులో ఉన్నాడండి" అనేవారు. ఎందులో ట్రైనింగో చెప్పేవారు కాదు. అప్పటికి నాకూ తెలియదు. (తర్వాత తెలిసింది. అదే చెప్పబోతున్నాను.)

ఆ ఏడే అక్క పురిటికి వచ్చి ఆడపిల్లని కంది. మాది మొగల్తూరు దగ్గర కాలవ గట్టు మీద ఊరు. అక్క అత్తవారిది జంగారెడ్డిగూడెం. అంటే మాది పల్లం, వాళ్ళది మెట్ట. ఇలాంటి సంబంధంలో పెళ్ళి ఒక్క పూటలో అయిపోతుంది గాని, పోటీ మాత్రం జీవితకాలం నడుస్తుంది. "మీ నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయండి" అని వాళ్ళంటారు. "మీకసలు కాలవే లేదు కదండీ, పాపం" అని మేమంటాం. వాళ్ళ పొలాల్లో ఆయిల్ పామ్ తోటలు లేచాక మా 'పాపం'లో కాస్త పస తగ్గింది గాని, అనడం మాత్రం మానలేదు.

మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా, ఉయ్యాల్లో వేసేనాడు నాయనమ్మ కుట్టిన బొంత మీదే పడుకోవాలి. నాన్న అలాగే పడుకున్నారు, అక్క పడుకుంది, నేనైతే పడుకుని మరి లేవలేదని నాన్న అభిప్రాయం. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన పాతబట్టలు నాలుగు పొరలు పరిచి, చేత్తో కుట్టే బొంత అది. "కొత్తబట్ట పసిబిడ్డకి గరుకురా. పెద్దవాళ్ళు కట్టి విడిచిన బట్టకి ఒంటి సంగతి తెలిసుంటుంది" అనేది నాయనమ్మ. అయితే ఈసారి బొంత మొదలుపెట్టకముందే ఆవిడ బాత్రూములో జారిపడి కుడిచేతికి పిండికట్టు వేయించుకుంది. అమ్మకి సూదంటే, అది ఏ సూదైనా సరే, ఇంజక్షన్ సూదంత భయం. ఈ కబురు విని అక్క అత్తగారు అమ్మకి ఫోన్ చేశారు.

"బొంతకంత శ్రమెందుకండీ వదినగారూ? రాజమండ్రిలో మంచి బేబీ బెడ్డు చూశాం. మెత్తటి ఫోము, దోమతెర, చుట్టూ జిప్పు. మీట నొక్కితే పాట కూడా వస్తుందండి. ఉయ్యాల్లోకి మేమే తెచ్చేస్తాం లెండి."

ఫోను స్పీకర్లో ఉంది. నాయనమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"జిప్పా? పిల్లనేమన్నా సూట్‌కేసు అనుకుంటున్నారా వాళ్ళు?" అని, ఇల్లంతా కలయజూసింది. ఆ చూపు వంటింట్లో అమ్మని దాటి, గదిలో అక్కని దాటి, చివరికి ఫ్యాను కింద ఆగింది.

"ఒరేయ్, ఆ ఫ్యాను నువ్వు లేకపోయినా తిరుగుతుంది గాని, లేచి రా."

"నేనా? నేను మెకానికల్ ఇంజనీర్ని నాయనమ్మా."

"అయితే ఏం? చేతులు బానే ఉన్నాయిగా."

చెరువుల దగ్గర్నుంచి వచ్చేసరికి, కొడుకు సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒంటికన్నుతో కనబడ్డాడు నాన్నకి. "ఏంటిది? నాలుగేళ్ళు హాస్టల్లో పెట్టి చదివించింది బొంతలు కుట్టడానికా?" అన్నారు. నాయనమ్మ తాపీగా, "చదువుకున్నవాడు కదా, గీత తిన్నగా వస్తుందని వాణ్ణి కూచోబెట్టాను. నిన్నంటే చదివించలేకపోయాను" అంది. నాన్న తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయారు.

పెట్టె తీయించింది నాయనమ్మ. తాతయ్య పంచె అడుగు పొరకి. మధ్యలో అమ్మ వాయిల్ చీరలు రెండు. పైన ముక్కలు అతకడానికి అక్క టెన్త్‌లో వేసుకున్న వంగపండు రంగు ఓణీ, నా చిన్నప్పటి పసుపు చొక్కా. చుట్టూ అంచుకి నాయనమ్మ చీరది ఎర్రంచు. నేను పాత డ్రాఫ్టర్ దులిపి తీసి, తెల్లకాగితం మీద త్రికోణాలతో ప్లాను గీశాను. (కాలేజీలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ నాచేత రెండుసార్లు చదివించుకున్న సబ్జెక్టు. అంత ఇష్టం దానికి నేనంటే.) నాయనమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వంటిల్లెటు వైపు వచ్చిందిరా?" అని అడిగింది. నాలుగు పొరలూ హాల్లో నేల మీద పరిచి, మూలలు కదలకుండా ఆవకాయ జాడీ, రోకలిబండ, ఇస్త్రీపెట్టె, నా థర్మోడైనమిక్స్ పుస్తకం పెట్టాం. ఆ పుస్తకం నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

"రెండు చేతులూ పని చెయ్యాలి" అని చెప్పింది నాయనమ్మ. "పై చెయ్యి సూది దూరుస్తుంది. కింద చెయ్యి కాపలా కాస్తుంది. మొన ఎక్కడ తేలిందో ప్రతి కుట్టుకీ వేలితో చూసుకోవాలి. కింద చెయ్యి లేని కుట్టు గుడ్డికుట్టు."

మొదట్లో నా కుట్లు చూసి, "ఇది కుట్టా, కోడి గీకిందా?" అని ఎడంచేత్తో, పళ్ళతో విప్పేసేది. నా వేళ్ళకి చిల్లులు పడ్డాయి. దారం ముడిపడేది, కొవ్వొత్తి రుద్దినా చిక్కుపడేది. అయితే ఒక మధ్యాహ్నం, ఎందుకో తెలియదు, చేతికి దారి తెలిసిపోయింది. సూది నాలుగు పొరలూ దాటేటప్పుడు 'టప్' మని చిన్న చప్పుడు, వెనకే దారం 'సర్ర్' మని రావడం. ఒక వరస పూర్తిచేసి వెనక్కి వాలి చూస్తే, ఊడ్చిన చేలో నారు నిలబడ్డట్టు తిన్నగా కుట్లు. వరసకీ వరసకీ మధ్య బట్ట కొంచెం ఉబ్బి, గాలికి కాలవ నీళ్ళ మీద లేచే సన్నటి అలల్లా ఉంది. లేతు మిషను మీద నాలుగేళ్ళలో నేను కోసిన ఇనప ముక్కల్లో ఒక్కటి కూడా దేనికీ సరిపోలేదు. ఇది సరిపోతుంది. ఒక మనిషి దీని మీద పడుకుంటుంది. ఆ సంగతి తట్టేసరికి గుండెలో ఏదో పొంగినట్టయింది, కాఫీ అనుకుని ఊరుకున్నాను. దారాలు ఎగిరిపోతున్నాయని లేచి, జీవితంలో మొదటిసారి నా అంతట నేను ఫ్యాను కట్టేశాను. ఇంట్లో అందరూ ఏమైందోనని వచ్చి చూశారు.

అక్కణ్ణించి నన్ను ఆపడం కష్టమైంది. అన్నానికి పిలిస్తే "ఈ వరస అయ్యాక" అనేవాణ్ణి. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళకన్నా ముందు బొంత చూపించేవాణ్ణి. ఒకసారి నాన్న కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, వంగి చూసి, ఒక వరస మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించారు. "లైను తిన్నగానే ఉంది" అన్నారు. నాతో కాదు, బొంతతో. ఆ సాయంత్రమే ఎవరో ఫోన్లో నా గురించి అడిగినట్టున్నారు, "ట్రైనింగు బాగా సాగుతోందండి" అనడం వినబడింది.

ఉయ్యాల్లో వేసే రోజు వచ్చింది. ఎర్రంచు ఒక పక్క మాత్రం మిగిలింది. పొద్దున్నే స్నానం చేసి, నీలం గళ్ళ లుంగీ కట్టుకుని, హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అలా కూర్చుంటే రెండు మోకాళ్ళ మధ్యా లుంగీ డప్పు తోలులా బిగుసుకుని, బొంత పరుచుకోవడానికి చక్కటి బల్లలా అయింది. అప్పటికి నాకు ఎంత చెయ్యి తిరిగిందంటే, కాపలా చేతితో అవసరం లేదనిపించింది. దానికి వేరే పని అప్పజెప్పాను. ఎడంచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేతి పనితనాన్ని వీడియో తీసుకుంటున్నాను.

చివరి ముడి వేసి దారం కొరికేసరికి గుమ్మంలో కారు ఆగింది. జంగారెడ్డిగూడెం వాళ్ళు దిగారు. ముందు బావ, వెనక అక్క అత్తగారు, ఆవిడ చేతుల్లో జిప్పు పక్క. ఇంట్లో అందరూ లేచి నిలబడ్డారు. నేనూ లేవబోయాను. బొంత కూడా లేచింది. నేను ఇంకొంచెం లేచాను. బొంత బరువుకి లుంగీ ముడి వదులవడం మొదలుపెట్టింది. కూర్చుండిపోయాను. కూర్చునే నమస్కారం పెట్టాను.

"కూర్చో బాబూ, కూర్చో" అన్నారు అక్క అత్తగారు మర్యాదగా.

"ఏంటి బావా, ఇంటల్లుడొస్తే లేవవా?" అన్నాడు బావ.

నాయనమ్మ పక్కకొచ్చి చెయ్యి చాచింది. "ఇలా తే బొంత. పంతులుగారు తొందరపెడుతున్నారు."

"ఇవ్వలేను నాయనమ్మా."

"ఏం?"

"బొంత వస్తే నేనూ రావాలి" అన్నాను మెల్లగా.

నాయనమ్మ అంచు ఎత్తి కింద చూసింది. జానెడు పొడుగున, అందమైన వరసలో, బొంతా లుంగీ ఒకటైపోయి ఉన్నాయి. ఆవిడ నా ఎడంచేతిలో ఫోను వైపు ఒక్క చూపు చూసింది.

"వర్జ్యం వచ్చేస్తోందమ్మా, ఈలోపే బిడ్డని ఉయ్యాల్లో వేసెయ్యాలి" అని పంతులుగారు లోపల్నించి కేకేశారు. అక్క అత్తగారు, "పోనీలెండి, ఇప్పటికిది వేసేద్దాం" అంటూ జిప్పు తీశారు. ఎక్కడో మీట నొక్కుకుపోయి అది పాట ఎత్తుకుంది. అక్క చేతుల్లో నిద్రపోతున్న పిల్ల ఉలిక్కిపడి కేరుమంది.

"ఒక్క నిమిషం ఆగండత్తయ్యగారూ" అంది అక్క, పిల్లని భుజాన వేసుకుంటూ. "తమ్ముడు ఇన్నాళ్ళూ కూర్చుని కుట్టాడండి. దాని మీదే వేద్దాం."

నేను గబగబా కుట్లు విప్పడానికి చూశాను. ఒక్కటి కదిలితే ఒట్టు. చిన్న కుట్లు, దగ్గర కుట్లు, కొవ్వొత్తి రుద్దిన దారం. నా పనితనానికి నేనే విచారించిన సందర్భం అదే.

"విప్పకురా, అంచు పాడవుతుంది" అంది నాయనమ్మ. "కత్తెర తెండి. లుంగీ కొయ్యండి."

నాన్న భుజం మీద కండువా తీసి, రెండు చేతులా చాపి, నాకు తెరగా పట్టుకున్నారు. నాలుగేళ్ళు చదివించిన చేతులు. ఆయన మొహం మాత్రం గోడవైపు తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను గాని, ఆ తెర కూడా నవ్వుతో ఊగడం మొదలెట్టాక అర్థమైంది. బావ కత్తెర పట్టుకుని నా ముందు కూలబడ్డాడు. "నలుచదరంగా కొయ్యండి అల్లుడుగారూ, ఎలక కొరికినట్టు కాదు" అని పైనుంచి నాయనమ్మ పర్యవేక్షణ. బొంత విడుదలై ఉయ్యాలకి వెళ్ళింది. నేను కండువా చుట్టుకుని స్తంభం చాటుకి వెళ్ళాను.

ఉయ్యాల్లో పరుస్తుంటే అక్క అత్తగారు బొంతని తిరగేసి చూశారు. "పని బానే ఉందండి. మరి అడుగున ఈ గళ్ళ గుడ్డేంటండీ?"

నాయనమ్మ కనురెప్ప కూడా వాల్చలేదు.

"మేనమామ కట్టుబట్టండి. అడుగున ఉంటే బిడ్డకి దిష్టి తగలదు. ఉయ్యాల్లో వేసే ముందు మేనమామ ఒంటి మీది నుంచే కొయ్యాలి. మీ మెట్టలో లేదా అండీ ఈ ఆచారం?"

అక్క అత్తగారు ఒక్క క్షణం ఆలోచించారు. మెట్ట పరువు ఆ క్షణంలో వేలాడుతోంది.

"ఎందుకు లేదండీ? ఉంది" అన్నారు. "మా వైపు ఆకుపచ్చ గళ్ళు వాడతారు."

పిల్లని బొంత మీద వేశారు. ఎర్రంచు మీద చెంప ఆనించి రెండుసార్లు చప్పరించి నిద్రపోయింది. అక్క అత్తగారు వంగి, ఒక కుట్ల వరస మీద వేలు నడిపించి, జిప్పు పక్కని మళ్ళీ కార్లో పెట్టించారు. నేను స్తంభం చాటునుంచి అంతా చూశాను. డిగ్రీ పట్టా తీసుకున్న రోజున కూడా అంత గర్వపడలేదు. అప్పుడు ఒంటి మీద పూర్తి బట్టలున్నాయి, అదొక్కటే తేడా.

తరవాత కొన్నాళ్ళకి బావ చెల్లెలు జంగారెడ్డిగూడెంలో ప్రసవించింది. బావ దగ్గర్నుంచి ఫోను. "బావా, మా అమ్మ ఆకుపచ్చ గళ్ళ లుంగీ కొనిచ్చి, కత్తెర పట్టుకుని నా వెంట తిరుగుతోంది. విప్పి ఇస్తానంటే ఒప్పుకోవట్లేదు."

"ఒప్పుకోకూడదు బావా" అన్నాను గంభీరంగా. "ఒంటి మీది నుంచే కొయ్యాలి. ఆచారం."

ఇప్పుడు ఆ వైపు రెండు మూడు ఇళ్ళలో ఇది తాతల నాటి పద్ధతని చెప్పుకుంటున్నారట. నేను ఖండించలేదు. నాయనమ్మ చేతి కట్టు విప్పాక కూడా మళ్ళీ సూది పట్టలేదు. "నువ్వున్నావుగా" అంది. ఉద్యోగం ఆ తర్వాత వచ్చింది. అందులో నేను చేసేదేంటో చేత్తో పట్టుకుని ఎవరికీ చూపించలేను. అందుకే ఇంటికొచ్చినవాళ్ళకి ఇప్పటికీ బొంతలే చూపిస్తాను. మా పిల్లలవి, స్నేహితుల పిల్లలవి, ఒకటి మా మేనేజరుగారి మనవడిది.

మొన్న సెలవులకి మేనకోడలు వచ్చింది. హైస్కూల్లో చదువుతోంది, నా భుజం దాకా ఎదిగింది. సంచిలోంచి బొంత తీసింది. వంగపండు రంగు వెలిసిపోయింది, ఎర్రంచు చిరిగి వేలాడుతోంది. "అమ్మ పారేస్తానంటోంది మామయ్యా. బాగుచేసివ్వు. కింద గళ్ళ ముక్క మాత్రం కదపకు" అంది. నాయనమ్మ పోయాక దాచుకున్న చీరలోంచి అంచు చించి, ఫ్యాను కట్టేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ప్రతి కుట్టుకీ కింద చేత్తో కాపలా కాశాను. ఫోను వేరే గదిలో పెట్టాను. ముడి వేసి, దారం కొరికి, అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి మెల్లగా లేచాను.

బొంత బుద్ధిగా నేల మీదే ఉండిపోయింది. పనితనం పెరిగిందన్నమాట. అయినా ఒక్క క్షణం అలాగే నిలబడి, అది నాతో పాటు లేస్తుందేమోనని చూశాను.