అడుగు గరిటె

తెల్లవారుజామున అయిదు దాటింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే, గేటు పక్కన ఆగిన లారీకి రెండు దీపాలు తప్ప ఒళ్లు కనబడటం లేదు. రాత్రి తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. కడుపులో ఎవరో కూర్చుని గోళ్లతో గీరుతున్నట్టుంది. చేతులు చంకల్లో పెట్టుకుని, ఒకరి వెనక ఒకరం గోడౌను వెనక్కి నడిచాం. అక్కడి రేకుల షెడ్డులోంచి వెల్లుల్లి వాసన వస్తోంది.

ఆ షెడ్డు గరిటక్కది. బస్తాలు మోసే మా ముఠాకి ఆమే వండేది. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. అంతకు ముందు రోడ్లు వేసేవాళ్ల గుడారాల్లో వండిందట. గుండిగ కలిపీ కలిపీ కుడి భుజం కిందికి దిగిపోయింది. కూర్చుని తినగా నేను ఎప్పుడూ చూడలేదు. మేమంతా లేచాక గరిటెకి అంటుకున్నది వేలితో తీసుకుని నిలబడే తినేది.

చలి మొదలవగానే ఆమె గుండిగ మారిపోయేది. గుమ్మడికాయ, చిలగడదుంప, క్యారెట్, పచ్చి బఠానీలు, రాత్రంతా నానబెట్టిన పల్లీలు. మిరియాలు, అల్లం దంచి వేసేది. చివర్లో పాలకూర తుంచి వేసి, గుడ్లు కొట్టి పోసేది. సాయంత్రం బజారు కట్టేసే వేళకి వెళ్లి, ప్రతి దుంపనీ బొటనవేలితో నొక్కి, కూరగాయలవాళ్లతో పోట్లాడి తెచ్చేది. "ఎండాకాలం తిండి నాలిక్కి, చలికాలం తిండి ఎముకలకి. మూతులు ముడవకుండా మింగండి" అనేది.

ఆమె వడ్డించే తీరు వేరు. గిన్నె పట్టుకుని వెళితే ముందు మొహం బల్బు కిందికి తిప్పేది. కింది రెప్ప లాగి చూసేది. గోరు నొక్కి వదిలేది. ఎర్రగా ఉంటే పైనుంచి నీళ్లగా పోసేది. పాలిపోయి ఉంటే గరిటె అడుక్కి దించి, గుడ్డూ పల్లీ దుంపా అంతా గోకి తీసేది. అప్పుడు గుండిగ అడుగున 'గర్ర్' మని చప్పుడయ్యేది.

ఆ చప్పుడంటే మాకు హడల్. గరిటె గోకిందంటే మనిషి డీలా పడ్డట్టే లెక్క. వాలుగా వేసిన చెక్క పలక మీద నడిచి పై వరసకి బస్తా ఎక్కించే పని ఎవరిదో మేస్త్రీ అప్పుడే తేల్చుకునేవాడు. బీడీ కాలుస్తూ అటు తిరిగి కూర్చున్నా, అతని చెవులు గుండిగ మీదే ఉండేవి. పై వరస నుంచి దిగినవాడికి ఊడవడానికి చీపురు ఇస్తారు, కూలి సగమే. చీపురు పట్టినవాణ్ని మళ్లీ పలక ఎక్కించడం నేను చూడలేదు.

ఆ ఏడు ఆ చప్పుడు మా చెల్లెలి మొగుడికి వచ్చింది. రెండు బస్తాలు ఒకేసారి లేపుతాడని అతన్ని క్రేను అనేవాళ్లం. వానలు వెనకబట్టాక ఒక జ్వరం వచ్చి తగ్గింది గానీ, దగ్గు మాత్రం పోలేదు. చొక్కా మెడ దగ్గర వదులైంది.

"రెప్ప చూడు, తెల్ల కాగితం. రోజూ అడుగుదే నీకు, చలి పోయేదాకా" అని గరిటక్క అతని సొట్ట గిన్నె నింపింది. గర్ర్.

"ఏంటి బావా, అడుగు గరిటా? పురుడు పోసుకున్నావా ఏంటి?" అన్నాడు రేడియో. వాడు నోరు మూయడు కాబట్టి రేడియో. అందరం నవ్వాం. మేస్త్రీ ఇటు తిరిగాడు.

క్రేను ఇంకా గట్టిగా నవ్వి, "నాకెందుకురా ఇది! అక్కకి కళ్లు కనబడటం లేదు. ఇదిగో, నువ్వు తిను, పీచు వెధవా" అని గిన్నె రేడియో ఒళ్లో పెట్టి, వాడి పల్చటి నీళ్ల గిన్నె లాక్కుని గటగటా తాగేశాడు. గరిటక్క అప్పటికి గుండిగ వైపు తిరిగి, తర్వాతి వాడికి పోస్తోంది. మేస్త్రీ తల ఊపి బీడీ పారేశాడు. "క్రేనూ, పలక ఎక్కు."

అది రోజూ ఆటైపోయింది. ఆమె అటు తిరగగానే గిన్నెలు మారేవి. ముఠాలో అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. అదేదో మగతనం అనుకున్నారు.

ఇంటికి నడుస్తూ నేను పట్టుకున్నాను. "ఏం బావా, చచ్చిపోదామనా? రేపు అక్కతో చెప్పేస్తా."

"చెప్పు. ఎల్లుండి నా చేతికి చీపురొస్తుంది. మీ చెల్లెలితో కూడా నువ్వే చెప్పు."

"ఇంట్లోనైనా తిను."

"తింటున్నా కదా బావా" అన్నాడు. దగ్గు ఆపుకోవడానికి కరెంటు స్తంభం పట్టుకున్నాడు.

మరోపక్క గరిటక్కకి నిద్ర పట్టడం లేదు. పోయినేడు చలికి ఇద్దరు మంచాన పడ్డారని సూపర్‌వైజరు ఆమె మీద మండిపడ్డాడు. "ఈసారి ఒక్కడు పడినా నీ పొయ్యి ఆర్పేస్తా. బ్రెడ్డు బండి పిలిపిస్తా" అని చలి మొదట్లోనే చెప్పిపోయాడు. ఇక్కడ చూస్తే, అందరికన్నా చిక్కగా తింటున్నవాడే అందరికన్నా తరిగిపోతున్నాడు. ఆమె పల్లీలు ఒక్కొక్కటే కొరికి చూసేది. దుంపలు కోసి వాసన చూసేది. మిరియాలు పెంచింది. గుడ్డు రెండు చేసింది. క్రేను రెప్ప లాగి చూసి, తన చేతి వంక చూసుకునేది.

రేడియోకి మాత్రం బుగ్గలొచ్చాయి. "కొత్త అత్తారిల్లు ఏమైనా దొరికిందా నీకు?" అని వాచ్‌మన్ కూడా అడిగాడు. వాడు బుగ్గలు తువ్వాలుతో కప్పుకుని లోపలికి పోయాడు.

ఆ రోజు చలిగాలి రేకుల్ని కొడుతోంది. మేం గిన్నెలు పట్టుకుని కూర్చున్నామో లేదో, సరుకు లారీ వచ్చింది. మేస్త్రీ కేకేశాడు. క్రేను అప్పుడే గిన్నె మార్చి, నీళ్లు ఒక్క గుక్కలో మింగి పరిగెత్తాడు. బస్తా వీపున వేసుకుని పలక ఎక్కుతున్నాడు. నేను కింద ఉన్నాను. పలక సగంలో ఆగాడు. బస్తా ఒక పక్కకి ఒరిగింది. "బస్తా వదిలెయ్ బావా!" అని అరిచాను. వదల్లేదు. కాళ్లు మడతపడ్డాయి. బస్తా నా చెవి పక్కనుంచి వెళ్లి నేల మీద పగిలింది. అతను దాని మీద పడ్డాడు. ఆ బస్తానే లేకపోతే ఏమయ్యేదో!

అందరూ పరిగెత్తుకొచ్చారు. రేడియో గిన్నెతో సహా వచ్చాడు. గరిటక్క గరిటెతో సహా వచ్చింది. ఆఫీసు గదిలోంచి సూపర్‌వైజరు వచ్చాడు.

"ఏం పెట్టావు వీడికి?"

ఆమె క్రేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని మొహం తుడుస్తోంది. కళ్లు మాత్రం రేడియో చేతి మీద ఆగాయి. వాడి చేతిలో సొట్ట గిన్నె. అందులో సగం తిన్న గుడ్డు. ఆమె ఆ గిన్నె చూసింది, వాడి బుగ్గలు చూసింది, కింద పడున్నవాడి మెడ ఎముకలు చూసింది.  ఒక్క మాట చాలు ఆమె పొయ్యి నిలబడ్డానికి. ఆ మాట వింటే క్రేనుకి చీపురివ్వడానికి మేస్త్రీ పక్కనే నిలబడి ఉన్నాడు.

"నిన్నే అడుగుతున్నా. తిండి సరిగ్గా ఉంటే మనిషి ఎందుకు పడతాడు?"

"సార్, అసలు ఏమైందంటే..." రేడియో నోరు తెరిచాడు.

"నువ్వు ముయ్యి" అంది గరిటక్క. లేచి నిలబడింది. "పల్లీలు ముక్కిపోయాయి. చూసుకోలేదు. వీడి గిన్నెలోకే ఎక్కువ పడ్డాయి, కడుపులో తిప్పి పడ్డాడు. అంతే. మనిషికేం కాలేదు, దున్నపోతులా ఉన్నాడు."

క్రేను లేవబోయాడు. ఆమె అరచేత్తో అతని ఛాతీ మీద నొక్కి ఉంచింది.

"నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. శనివారం నుంచి బ్రెడ్డు బండి వస్తుంది" అన్నాడు సూపర్‌వైజరు. వెళ్లిపోయాడు. మేస్త్రీ క్రేనుని ఎగాదిగా చూసి, "రెండ్రోజులు కూర్చో. కడుపు కుదురుకున్నాక ఎక్కుదువుగాని" అన్నాడు.

ఆ మిగిలిన రోజులు గరిటక్క ఎవరి రెప్పా లాగలేదు. ఉడికిన గుండిగలో రోకలి దించి, దుంపా పల్లీ గుడ్డూ ఆకూ అంతా మెత్తగా మెదిపేసింది. పైనా ఒకటే, అడుగునా ఒకటే. ఎవరి గిన్నె చూసినా ఒకలాగే చిక్కగా ఉంది. మార్చుకోవడానికి ఏమీ లేదు. అయినా క్రేను తినడం అయ్యేదాకా అతని ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడేది.

"అక్కా, నేను..." అన్నాడు ఒకసారి.

"తిను."

మర్నాడు గరిటక్క నారింజలు తెచ్చి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టింది, అంతే. రేడియో ఆమె కంట పడకుండా గోడ చాటున కూర్చునేవాడు. శుక్రవారానికి క్రేను దగ్గు కాస్త తెరిపినిచ్చింది. మెతుకు పట్టినవాడి మొహం వేరు, చూస్తే తెలుస్తుంది.

శనివారం పొద్దున మళ్లీ అదే మంచు. వెల్లుల్లి వాసన వస్తోంది గానీ, షెడ్డులో ఎవరూ లేరు. పొయ్యి మండుతోంది. గుండిగ మీద మూత, మూత మీద గరిటె. మేకుకి ఉండే శాలువా లేదు, కత్తిపీట లేదు. వాచ్‌మన్ని అడిగితే, "నాలుగింటికే వెళ్లింది, ఏం చెప్పలేదు" అన్నాడు. గేటు దగ్గర బ్రెడ్డు బండి హారన్ కొడుతోంది.

రేడియో మూత తీశాడు. ఈసారి మెదపలేదు. పైన నీళ్లు, అడుగున సరుకు, ఎప్పటిలాగే. గిన్నెలు పట్టుకుని నిలబడ్డాం గానీ గరిటె ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మేస్త్రీ బీడీ వెలిగించుకుని చూస్తున్నాడు.

క్రేను ముందుకొచ్చాడు. గరిటె తీసుకుని అడుగుదాకా దించాడు. గర్ర్.

"ఎవరికిరా అది?" అన్నాడు మేస్త్రీ.

"నాకే" అని క్రేను సొట్ట గిన్నె నింపుకుని, అందరి మధ్యలో కూర్చుని తినడం మొదలుపెట్టాడు.