ఐపీ లాయరమ్మ మెట్లు ఎక్కినందుకు

చిత్తూరు కోర్టుకు ఎదురు సందులో, జిరాక్స్ షాపు మీద, వేదవల్లి ఆఫీసు ఉంది. రోడ్డు మీద నుంచి నేరుగా పైకి పోయే మెట్లు. వ్యాపారం చేసేవాళ్ళెవరూ పట్టపగలు ఆ మెట్లెక్కరు. ఆమె ఐపీ లాయరు. అప్పులు తీర్చలేనని కోర్టుకు చెప్పుకుని దివాలా దరఖాస్తు వేసుకోవడాన్ని మావైపు ఐపీ పెట్టడం అంటారు. ఇరవై ఏడేళ్ళుగా జిల్లాలో ఐపీ పెట్టదలచినవాళ్ళు మొదట వెతుక్కునేది ఆమె ఫోన్ నంబరే. ఆ మెట్ల మీద ఎవరైనా కనబడ్డారంటే తెల్లారేసరికి అప్పులిచ్చినవాళ్ళంతా వాళ్ళ ఇంటి ముందుంటారు.

అదృష్టం కొద్దీ అదే అంతస్తులో ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. అందుకని వేదవల్లి కక్షిదారులు దవడ పట్టుకుని వస్తారు. కొందరు పైకొచ్చి కుర్చీలో కూర్చున్నాక కూడా చెయ్యి తీయడం మరిచిపోతారు. "ఇంక నొప్పి తగ్గింది గదా, చెప్పన్నా" అంటాడు ఆమె గుమాస్తా ఏబెల్.

వేదవల్లి కోరుకుని ఈ పనిలోకి రాలేదు. తిరుపతిలో పుట్టి పెరిగింది. తండ్రి యతిరాజులు దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కూతురు టీచరైతే చాలనుకున్నాడు. ఆమె లా చదివి చిత్తూరులో ఒక సీనియరు దగ్గర చేరింది. ఆయన భూమి తగాదాలన్నీ మగ జూనియర్లకిచ్చి, దివాలా కేసుల కట్టలు ఆమె ముందు పెట్టాడు. "ఆడపిల్లవి. వీటిల్లో కొట్లాటలుండవు, అంతా కాగితాల పనే" అన్నాడు. ఆ కాగితాల వెనక ఉన్నన్ని ఏడుపులు హత్య కేసుల్లో కూడా ఉండవని ఆమెకు మొదటి ఏడాదే తెలిసింది. సీనియరు నేర్పింది ఒక్కటే: ఫీజు ముందే తీసుకోవాలి. డబ్బు లేదని కోర్టులో ప్రమాణం చేయబోయేవాడు ఆ ప్రమాణానికయ్యే డబ్బును పైసా తక్కువ లేకుండా తెచ్చి బల్ల మీద పెడతాడు. దానికి రసీదు మాత్రం అడగడు.

ఆమెకు సొంత నియమం ఒకటుంది. దరఖాస్తు రాసే ముందు ఆ మనిషి ఇంటికి వెళ్ళి తన కళ్ళతో చూస్తుంది. ముందు వంటింట్లోకి పోతుంది. ఒకసారి పలమనేరు చీరల వ్యాపారి ఒకడు రెండు బిందెలు, ఒక మంచం తప్ప తనకేమీ లేవని రాసుకొచ్చాడు. వంటింటి మూలలో గచ్చు మీద నలుచదరంగా ఒకచోట మాత్రం తెల్లగా ఉంది.

"ఫ్రిజ్ యాడికి పోయిందప్పా?" అంది వేదవల్లి.

"మా బామ్మర్ది ఇంటికి."

"అది తిరిగొచ్చినాక నా దగ్గరికి రా."

అతను మళ్ళీ రాలేదు. వేరే లాయరు దగ్గరికి పోయాడు.

ఈ పని వల్ల ఆమెకు పేరొచ్చింది, పిలుపులు పోయాయి. ఊళ్ళో ఏ కొత్త షాపు తెరిచినా ఆమెకు కార్డు రాదు. పెళ్ళిలో ఎవరి పక్కనైనా కూర్చుంటే కాసేపటికి ఆ మనిషి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతాడు. కూతురు ఏం ప్రాక్టీసు చేస్తుందని ఎవరైనా అడిగితే యతిరాజులు "సివిల్ సైడు" అని మాట మారుస్తాడు. రోజూ తిరుపతి నుంచి బస్సులో వచ్చిపోయే ఆమె ఇవన్నీ నవ్వుతూనే చెప్పేది. ఆ నవ్వు అబ్దుల్ సత్తార్ విషయంలో మాత్రం ఆగిపోయింది.

సత్తార్‌ది ఊరి బయట చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఒక ఎగుమతి కంపెనీ సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొడితే, వేదవల్లి అతని తరఫున దావా వేసి ఐదేళ్ళు పోరాడి గెలిచింది. కంపెనీ వేసిన అప్పీలు కూడా పోయింది. కంపెనీ జమ చేసిన డబ్బు కోర్టులో ఉంది, తీసుకోవడమే మిగిలింది. ఎండాకాలం సెలవులయ్యాక, జూన్‌లో కోర్టు తెరిచిన మొదటి వారం, పొద్దున పదకొండు గంటలకు సత్తార్ బేనిషా మామిడి పళ్ళ బుట్ట చేత్తో పట్టుకుని, దవడ పట్టుకోకుండా, మెట్ల నడిమధ్య నుంచి ఎక్కి వచ్చాడు.

"ఏబెల్‌కు ఫోన్ చేసుంటే వచ్చి తీసుకునేవాడు గదా భాయ్" అంది వేదవల్లి.

"దొంగతనంగా వచ్చేదానికి నేనేం తప్పు చేసినాను మేడమ్? గెలిచిన కేసుకు పండ్లు ఇస్తా ఉండాను, అంతే."

కాఫీ తాగి, అరగంట కూర్చుని, వచ్చినట్టే దిగిపోయాడు.

మరునాడు పొద్దునే ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు ఆగిపోయాయి. కాయ దించలేదు. రైతుల తరఫున పెంచలయ్య లోపలికి వచ్చాడు. సత్తార్‌కు కాయ తోలే రైతుల్లో పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఏటా కాయ తోలి పదిహేను దినాలకు డబ్బు తీసుకోవడం వాళ్ళ అలవాటు.

"భాయ్, ఈసారి ముందు దుడ్డు ఇచ్చేస్తే కాయ దించుతాము" అన్నాడు.

"ఎందుకప్పా, ఎన్నడూ లేంది?"

పెంచలయ్య నేల చూపులు చూశాడు. "నువ్వు నిన్న ఐపీ లాయరమ్మ దగ్గరికి పోయినావంట గదా."

మధ్యాహ్నానికి డ్రమ్ముల ధనంజయ వచ్చాడు. గుజ్జు నింపే డ్రమ్ములు అతనే ఇస్తాడు. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి ఆఫీసు సోఫాలో కూర్చుని, తన బాకీ మొత్తం చేతికిస్తేగాని లేవనన్నాడు. సత్తార్ ఉన్న డబ్బులో సగం అతనికిచ్చి పంపించాడు. అతనికి ఇచ్చాడని తెలిసి మిగతావాళ్ళు వచ్చారు. ఇవ్వకపోతే దివాలా తీశాడంటారు, ఇస్తే నిజంగానే తీయాలి. సత్తార్ వేదవల్లికి ఫోన్ చేశాడు. ఆమె పెంచలయ్యతో మాట్లాడతానంది.

"పెంచలయ్యా, ఆయన ఐపీ పెట్టడం లేదు. పండ్లు ఇచ్చేదానికి వచ్చినాడు."

అవతల నుంచి మర్యాదగా జవాబొచ్చింది. "అమ్మా, మీరు లాయరు. మీ పార్టీ గుట్టు మీరు బయట పెట్టరు. అది మీ ధర్మం. నేను తప్పు పట్టను."

ఆమె ఎంత కాదంటే అవతల అంత గట్టిపడుతోందని ఆమెకు అర్థమైంది. ఇరవై ఏడేళ్ళుగా ఫలానావాడి దగ్గర డబ్బు లేదని కోర్టును నమ్మించిన మనిషి, ఒకడి దగ్గర ఉందని ఒక్క రైతును నమ్మించలేకపోయింది.

పేపర్లో ప్రకటన వేద్దామని సత్తార్ పట్టుబట్టాడు. వద్దని ఆమె రెండుసార్లు చెప్పింది, చివరికి ఒప్పుకుంది. మా కక్షిదారు అబ్దుల్ సత్తార్ గారు దివాలా దరఖాస్తు వేయలేదు, వేసే ఉద్దేశం కూడా లేదు, వదంతులు నమ్మవద్దు అని రాసి, కింద తన పేరు పెట్టింది. జిల్లా పేజీలో అచ్చయింది. అప్పటిదాకా చిత్తూరుకే తెలిసిన సంగతి ఆ పొద్దుటికి పలమనేరుకు, పుంగనూరుకు, దామలచెరువు మామిడి మండీకి తెలిసింది. పెద్ద మాటలన్నీ జనం వదిలేసి కింద ఉన్న పేరు మాత్రం చదువుకున్నారు. బ్యాంకు మేనేజరు సత్తార్‌కు ఫోన్ చేసి, "ఏం లేదండీ, ఊరికే" అంటూ సరుకు లెక్క అడిగాడు.

ఆ వారంలో వేదవల్లి సత్తార్ వాళ్ళింటికి వెళ్ళి ధైర్యం చెబుదామనుకుంది. బస్టాండులో ఆటో కూడా మాట్లాడుకుని మళ్ళీ దిగింది. దరఖాస్తు రాసే ముందు ఆమె ఇల్లు చూడటానికి పోతుందన్న సంగతి ఊరంతటికీ తెలుసు. ఇప్పుడు తాను ఆ గడప తొక్కితే ఇక ఎవరికీ ఏ అనుమానం మిగలదు. ఆటోవాడికి ఇరవై రూపాయలిచ్చి నడిచి ఆఫీసుకు పోయింది. తన చేతిలో ఉన్న జబ్బు తనకే తెలియకుండా ఇంకొకరికి అంటించినట్టు ఆ రోజంతా ఆమెకు అనిపించింది.

మర్నాడు సత్తార్ భార్య సుభాన్‌బీయే వచ్చింది. ఇంటి దస్తావేజులు గుడ్డసంచిలో తెచ్చింది.

"అందరూ ఒకటే చెప్తా ఉండారు మేడమ్. ఇల్లు నా పేరు మీద రాపించుకోమని. మా అన్నలు కూడా. అట్ల చేయొచ్చా?"

వేదవల్లి ఈ ప్రశ్న వెయ్యిసార్లు విన్నది. అడిగినవాళ్ళంతా చెయ్యొచ్చనే మాట కోసం వచ్చినవాళ్ళే. "నీకేమనిపిస్తా ఉండాది?" అంది.

"రాసుకుంటే రేపట్నించి మేము నిజంగానే దొంగలమవుతాము. ఈ కాగితాలు మీ దగ్గరే పెట్టండి. ఇంట్లో ఉంటే మా అన్నలు ఊరుకోరు."

సంచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వేదవల్లి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, కోర్టులో ఉన్న డబ్బు ఇప్పించమని అడిగే పిటిషన్ ఆ పూటే రాయించింది. విచారణ రోజున పెంచలయ్యకు కబురు చేసింది. "నా మాట నమ్మద్దు. కోర్టులో కూర్చుని విను" అంది. అతను ఇద్దరు రైతులతో వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

వేదవల్లి లేచి నిలబడగానే జడ్జిగారు అలవాటుకొద్దీ జాబితా తిరగేశారు. "దివాలా కేసులు మధ్యాహ్నం కదమ్మా?"

"ఇది డబ్బు రావలసిన కేసండీ."

కంపెనీ లాయరు అడ్డం లేచాడు. తాము ఇంకా పై కోర్టుకు పోతున్నామని, ఇంత మొత్తం ఈ పరిస్థితిలో సత్తార్ చేతికిస్తే రేపు తాము గెలిచినా తిరిగి వచ్చే ఆశ లేదని, ఆయన దివాలా అంచున ఉన్నాడని చెప్పాడు. దానికి సాక్ష్యంగా ఒక పేపరు ముక్క తీసి ఇచ్చాడు. అది వేదవల్లి వేయించిన ప్రకటనే.

జడ్జిగారు రెండుసార్లు చదివి ఆమె వైపు చూశారు. "దివాలా తీయలేదని పనిగట్టుకుని ఎవరూ ప్రకటన వేయరు కదమ్మా?"

"నా ఆఫీసుకు ఒకసారి వచ్చినందుకు ఆయన వేయించుకోవలసి వచ్చిందండీ" అంది వేదవల్లి. "ఈ కోర్టులో ఇరవై ఏడేళ్ళుగా ఎవరు దివాలా తీశారో నేనే చెబుతూ వచ్చాను. తమ ముందువాళ్ళూ, తమరూ నమ్మారు. ఈయన తీయలేదని కూడా నేనే చెబుతున్నాను. ఆయన ఇంటి దస్తావేజులు నా బీరువాలో ఉన్నాయి. భార్య పేరుకు మార్చుకోమని ఊరంతా చెప్పినా మార్చుకోలేదు. ఆయన ఒప్పుకున్నారు, ఆ కాగితాలను ఈ డబ్బుకు హామీగా పెడతాం."

కోర్టు హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. దస్తావేజులు దాఖలు చేసుకుని డబ్బు ఇవ్వమని ఉత్తర్వు చెప్పి, మొత్తం ఎంతో అంకెలతో సహా చదివారు.

బయట వరండాలో పెంచలయ్య తలపాగా విప్పి దులుపుకున్నాడు. "మీరు చెప్పినప్పుడు నమ్మలేదమ్మా. ఆ కంపెనీ లాయరు అంత దుడ్డు సత్తార్ భాయ్‌కి ఇయ్యొద్దని అరస్తా ఉంటే అప్పుడు నమ్మినా" అన్నాడు.

పది రోజుల్లో సత్తార్ అందరికీ పైసలతో సహా ఇచ్చేశాడు. ఇచ్చేశాడని తెలిసిన మరునాటి నుంచి అప్పు కావాలా అని అడిగేవాళ్ళు మొదలయ్యారు. బ్యాంకు మేనేజరు ఇంటికొచ్చి టీ తాగాడు. కానీ అప్పటికి తోతాపురి కాలం సగం అయిపోయింది, రావలసిన ఆర్డర్లలో రెండు వేరే ఫ్యాక్టరీకి పోయాయి. అందరికీ తీర్చగలడని నిరూపించుకోవడానికి సత్తార్‌కు ఆ ఏడాది లాభం మొత్తం ఖర్చయింది. వచ్చే కాలానికి డ్రమ్ముల కోసమని ధనంజయకు కొంత బయానా మాత్రం ఇచ్చి పెట్టుకున్నాడు.

సెప్టెంబరులో ధనంజయ దవడ పట్టుకుని మెట్లెక్కాడు.

అతని అప్పులు రెండేళ్ళ నాటివి. వడ్డీకి వడ్డీ కట్టుకుంటూ వచ్చాడు. కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు.

"మేడమ్, ఆ పొద్దు సత్తార్ భాయ్ మీ దగ్గరికి వచ్చినాడని ఊళ్ళో చెప్పింది నేనే" అన్నాడు. "కింద జిరాక్స్ షాపు కాడ నిలబడుండా, పైకి రావాల్నా వద్దా అని. ఆయన దిగొస్తా నన్ను సూసి నవ్వినాడు. నేను ఈడికే వచ్చినానని ఆయన పదిమందికి చెప్పేస్తాడేమోనని భయమైంది. అందుకే ముందు నేనే ఆయన పేరు చెప్పేసినా."

పొమ్మనాలని వేదవల్లికి నోటిదాకా వచ్చింది. మరో లాయరు అయితే అనేవాడేమో. ఆమె ఏబెల్‌ను పిలిచి, శనివారం ఈయన ఇంటికి పోవాలి, రాసుకో అంది.

ఇల్లు చూసింది. రెండు గదులు. వంటింట్లో గచ్చు అంతా ఒకే రంగులో ఉంది. ఫ్రిజ్ ఉన్నచోటే ఉంది. దాచింది ఏమీ లేదు. దరఖాస్తు వేసింది.

బయానా ఇచ్చినందుకు అప్పులవాళ్ళ జాబితాలో సత్తార్ పేరు కూడా ఉంది. కోర్టు నోటీసు అందగానే ఫోన్ చేశాడు.

"ధనంజయకు ఇంత కష్టముండాదని ఒక్కనాడూ చెప్పలేదే మేడమ్. నా కాడ అంత గట్టిగా వసూలు చేసుకున్నాడు, ఏదో బాగుండాడనుకున్నా."

తనకు తెలిసింది ఆమె చెప్పడానికి లేదు. "పై గురువారం వాయిదా ఉంది భాయ్. మీకు అభ్యంతరముంటే రాసివ్వండి" అంది.

గురువారం అప్పులిచ్చినవాళ్ళంతా వచ్చి వరండాలో ధనంజయను చుట్టుముట్టి నానా మాటలూ అన్నారు. సత్తార్ అభ్యంతరమేమీ రాసివ్వలేదు. గొడవ సద్దుమణిగేదాకా దూరంగా నిలబడి, తర్వాత వచ్చి ధనంజయ చెయ్యి పట్టుకుని క్యాంటీన్‌కు తీసుకెళ్ళాడు. వేదవల్లి అక్కడే పక్క బల్ల దగ్గర ఏబెల్‌తో కాగితాలు సరిచూసుకుంటోంది. అప్పులిచ్చినవాళ్ళు కొందరు కూడా అక్కడికే వచ్చి కూర్చున్నారు. టీ తాగి లేచేటప్పుడు ధనంజయ టీ డబ్బులకని జేబులో చెయ్యి పెట్టాడు.

సత్తార్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఈడ తీయద్దప్పా" అన్నాడు మెల్లగా, "అందరూ సూస్తా ఉండారు."